పోయిందా? పేరు మారిందా?

శ్రీకాకుళం జిల్లా భావనపాడు పోర్టు సంగతి ఏమైందని ఫోన్‌లో వెతికితే పాత వార్తలే ఎక్కువ దొరుకుతాయి. ప్రతిపాదనలు, భూసేకరణ, అభ్యంతరాలు, మళ్లీ ప్రతిపాదనలు. ఓ దశ దాటాక ఆ పేరే పలచబడిపోతుంది. దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో ఉండి ఊరి కబుర్ల కోసం వెతుక్కునే ఉద్దానం కుర్రాడు 'మన పోర్టు అటకెక్కిందన్నమాట' అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తాడు. అసలు సంగతి వేరు. 2023 ఏప్రిల్ 19న పోర్టుకు శంకుస్థాపన జరిగింది. అదే సంతబొమ్మాళి మండలం, అదే సముద్రం. పేరు మాత్రం మూలపేట పోర్టు. భావనపాడు అన్న పేరు ఊరికీ చేపల హార్బరుకీ మిగిలింది. ఓడరేవు కథ మరో పేరు కింద సాగింది.

పోయిందా? పేరు మారిందా? ఏ మార్పు వచ్చినా ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. మనం వేసుకోం. చెయ్యి చాపిన చోట వస్తువు దొరక్కపోతే చాలు, పోయిందని తేల్చేస్తాం. తర్వాత కోపం, ఆ తర్వాత నీరసం. ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టిన వారం చూడండి: పది మందిలో ఎనిమిది మంది 'పాతదాంట్లో ఉండేది, దీంట్లో తీసేశారు' అంటూ తిరుగుతుంటారు. ఆ ఎనిమిది మందిలో ఒకరు మీరు కాకుండా ఉండాలంటే ఏం చేయాలో లినక్స్ సర్వర్లు చూసుకునేవాళ్లను అడగాలి. పేర్లు మారే లోకంలో బతకడం వాళ్లకు వృత్తి.

లినక్స్ కెర్నెల్ గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. కంప్యూటర్ యంత్రానికీ దానిమీద నడిచే ప్రోగ్రాములకీ మధ్య ఉండి పెత్తనం చేసేది కెర్నెల్. లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఈ కెర్నెల్‌కు ఇప్పుడు తొమ్మిది పది వారాలకో కొత్త వెర్షన్ వస్తోంది. దాన్ని తయారుచేసుకునే ముందు ఏం కావాలో, ఏం వద్దో చెప్పాలి. ఈ నెట్‌వర్క్ కార్డు కావాలి, ఆ ఫైల్ సిస్టమ్ వద్దు, ఈ రక్షణ ఉండాలి. ఇలాంటి జవాబులు వేల సంఖ్యలో ఉంటాయి. అవన్నీ కాన్ఫిగ్ అనే ఒకే ఫైల్లో వరుసగా రాసి ఉంటాయి. 'వై' అంటే లోపలే కలిపెయ్, 'ఎం' అంటే విడి మాడ్యూల్‌గా పెట్టు, 'నాట్ సెట్' అని ఉంటే వద్దని.

కొత్త వెర్షన్ వచ్చినప్పుడు వేల ప్రశ్నలకు మళ్లీ మొదట్నుంచీ జవాబులు చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకని పాత ఫైల్ తెచ్చి కొత్త కెర్నెల్ ముందు పెట్టి 'మేక్ ఓల్డ్‌కాన్ఫిగ్' అంటారు. అది పాత జవాబులన్నీ తీసుకుని, కొత్తగా వచ్చిన ప్రశ్నలు మాత్రమే అడుగుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. తిరకాసు ఇక్కడే: పాత ఫైల్లో ఉన్న పేరు కొత్త కెర్నెల్‌కు తెలియనిదైతే మామూలుగా అది ఏ గొడవా చేయదు. ఎర్రర్ రాదు. ఆ వరసను పక్కన పడేసి ముందుకు పోతుంది. మీరు ఎప్పుడో ఆలోచించి ఇచ్చిన జవాబు చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది.

అర్ధరాత్రి మెయిల్ పంపకండి

ఇందులో రెండు రకాల ప్రమాదాలున్నాయి. ఒకటి, లేని ప్రమాదాన్ని చూసి హడలిపోవడం. రెండోది, ఉన్న ప్రమాదాన్ని చూడకపోవడం. మొదటిదానికి 2024లో వచ్చిన 6.9 వెర్షన్ మంచి ఉదాహరణ.

2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డాయి. వాటిని అడ్డుకోవడానికి కెర్నెల్లో కొన్ని రక్షణలు పెట్టారు. స్పెక్టర్ రెండో రకానికి రెట్‌పోలైన్, మెల్ట్‌డౌన్‌కు పేజ్ టేబుల్ ఐసొలేషన్. కాన్ఫిగ్ ఫైల్లోనూ అవే పేర్లు. ఆరేళ్లలో ఇలాంటి రక్షణలు పెరిగి, ఒక్కోటి ఒక్కో పేరుతో ఎక్కడెక్కడో పడి ఉండటంతో, 6.9 నాటికి అన్నింటికీ ముందు 'మిటిగేషన్' అని తగిలించి ఒక తీరుకు తెచ్చారు. రెట్‌పోలైన్ కాస్తా మిటిగేషన్ రెట్‌పోలైన్ అయింది. మంచి పనే. కానీ కంపెనీల్లో భద్రతను తనిఖీ చేసే స్క్రిప్టులు ఉంటాయి కదా, అవి పాత పేరు కోసమే వెతుకుతుంటాయి.

టెక్కలిలో ఇంజినీరింగ్ చదివి బెంగళూరులో సర్వర్లు చూసుకుంటున్న కుర్రాడిని ఊహించుకోండి. శనివారం రాత్రి కెర్నెల్ మార్చాడు, మెషీన్ లేచింది, తనిఖీ స్క్రిప్టు నడిపాడు. 'రెట్‌పోలైన్ లేదు' అని ఎర్రటి అక్షరాలు. ఇప్పుడు వాడి ముందు రెండు దార్లు. మేనేజరుకు అర్ధరాత్రి 'మన సర్వర్లన్నీ ప్రమాదంలో ఉన్నాయి' అని మెయిల్ కొట్టొచ్చు. లేదా నడుస్తున్న మెషీన్‌నే అడగొచ్చు. కెర్నెల్ తన పరిస్థితి తానే చెబుతుంది: సిస్ డైరెక్టరీలో సీపీయూ కింద వల్నరబిలిటీస్ అనే చోట ఒక్కో లోపానికి ఒక్కో చిన్న ఫైల్ ఉంటుంది. స్పెక్టర్ వీ2 అన్న ఫైలు తెరిస్తే రక్షణ ఉందో లేదో, ఉంటే ఏ రకమో ఒక్క వాక్యంలో రాసి ఉంటుంది. జాబితాలో పేరు లేకపోవడం వేరు, పని జరగకపోవడం వేరు. పని జరుగుతోందో లేదో చూడటానికి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం ఆగగలిగినవాడినే ఆఫీసుల్లో 'వాడు కంగారు పడడు' అంటారు. అది పుట్టుకతో వచ్చే గుణం అనుకుంటాం గానీ, ఎక్కడ చూడాలో తెలిసి ఉండటమే అందులో సగం.

పాత 'వద్దు'కు గడువు ఎంత?

రెండో రకం ప్రమాదం మరింత లోతైనది. నన్నడిగితే కెర్నెల్ చరిత్రలో వ్యక్తిత్వ వికాసానికి పనికొచ్చే ఘట్టం ఇదే. 2018 జూన్, 4.18 వెర్షన్ తయారవుతున్న రోజులు.

స్టాక్ ప్రొటెక్టర్ అని ఒక రక్షణ ఉంది. ప్రోగ్రాము తన మెమరీ హద్దు దాటి రాసేస్తే పట్టుకుంటుంది. దానిలో మామూలుది, బలమైనది అని రెండు స్థాయిలు. అంతకుముందు మూడో ఎంపిక కూడా ఉండేది: 'ఆటో'. అంటే నీ కంపైలర్ (కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాము) మోయగలిగినంతలో ఏది బలమైనదైతే అది పెట్టుకో అని. చాలామంది ఆటో పెట్టుకున్నారు. ఆటో పెట్టుకున్నవాళ్ల ఫైల్లో 'బలమైనది' అన్న వరస ఎదురుగా 'వద్దు' అని ఉంటుంది. వాళ్లకు అది ఇష్టం లేక కాదు, ఆటో ద్వారా అదే వస్తోంది కాబట్టి విడిగా అడగలేదంతే.

4.18కి వచ్చేసరికి కంపైలర్ సంగతి కెర్నెల్ తానే తెలుసుకోగలుగుతోంది కదా, ఇక ఆటో ఎందుకని తీసేశారు. తీసేశాక చూస్తే, ఓల్డ్‌కాన్ఫిగ్ పాత ఫైలు చదివి 'బలమైనది వద్దని ఈయన ఇదివరకే చెప్పాడు' అనుకుని దాన్ని ఆపేస్తోంది. అడగకుండానే. మనిషి నిన్నటిదాకా గట్టి రక్షణలో ఉన్నాడు, ఇవాళ నాసిరకం రక్షణలో ఉన్నాడు, ఆ సంగతి వాడికే తెలియదు. దీన్ని సరిచేయడానికి టోర్వాల్డ్స్ స్వయంగా ఏం చేశాడో చూడండి: ఆ ఎంపికల పేర్లు మార్చేశాడు. ముందున్న 'సీసీ' అనే రెండక్షరాలు తీసేశాడు. పేరు మారింది కాబట్టి పాత 'వద్దు' చెల్లదు. ప్రశ్న మళ్లీ కొత్తగా వస్తుంది, ముందుగా పెట్టి ఉంచిన జవాబు 'అవును'.

పేర్లు మారిస్తే ఇబ్బందే అని మనం విసుక్కుంటాం. ఇక్కడ పేరు మార్చింది మిమ్మల్ని మళ్లీ అడగడం కోసం.

ఇప్పుడు మీ ఇంటికి రండి. పన్నెండేళ్ల కిందట చంటిబిడ్డ చంకలో ఉన్నప్పుడు విశాఖలో ఉద్యోగం వద్దన్న కోడలు ఉంటుంది. అప్పుడు అత్తగారికి ఒంట్లో బాగాలేదు, పలాస దాటి వెళ్లే వీల్లేదు. అది ఆ రోజు జవాబు. బిడ్డ ఇప్పుడు హైస్కూల్లో ఉంది. 'ఆవిడకు ఉద్యోగం ఇష్టం లేదు' అన్న మాట మాత్రం ఇంట్లో ఖాయమైపోయింది. ఎవరూ మళ్లీ అడగరు. ఆవిడే తనను తాను అడగదు. చదువు మానేసి జీడి ఫ్యాక్టరీలో పనికి కుదిరిన తమ్ముడు, వేదిక మీద ఒకసారి తడబడి మళ్లీ మైకు ముట్టని టీచరు, నాన్నతో ఒకసారి మాటపడి ఇక సలహా అడగని కొడుకు: వీళ్లందరి ఫైళ్లలో ఏదో ఒక పాత 'వద్దు' ఉంది. దాని వెనకున్న కారణం ఎప్పుడో తీసేశారు. జవాబు మాత్రం అలాగే నడుస్తోంది.

ఆ జవాబును మార్చమని నేను అనను. మళ్లీ అడగండి, అంతే. అడిగేటప్పుడు పాత మాటలతో అడగొద్దు. 'ఉద్యోగం చేస్తావా వదినా?' అంటే పాత జవాబే నోటికొస్తుంది. 'బ్యాంకులో రోజుకు నాలుగు గంటల పని ఉందట, చూద్దామా?' అనండి. అది కొత్త ప్రశ్న. కొత్తగా ఆలోచిస్తుంది.

వెతికే పద్ధతి

ఇక పేరు మారిందని అనుమానం వచ్చినప్పుడు దాన్ని పట్టుకోవడం ఎలా? అనుభవమున్నవాళ్లు పేరు పట్టుకుని వెతకరు, పని పట్టుకుని వెతుకుతారు.

ముందు పాత ఫైలు చేతిలో ఉండాలి. ఇది లేకపోతే మిగతాదంతా చీకట్లో తడుములాటే. చాలా లినక్స్‌లలో బూట్ డైరెక్టరీలో వెర్షన్ పేరుతో కాన్ఫిగ్ కాపీ ఉంటుంది. కెర్నెల్‌ను అలా కట్టి ఉంటే నడుస్తున్న కెర్నెల్ తన కాన్ఫిగ్‌ను ప్రాక్ డైరెక్టరీలో తానే చూపిస్తుంది. కెర్నెల్ సోర్సులోనే డిఫ్‌కాన్ఫిగ్ అని చిన్న స్క్రిప్టు ఉంది. పాత ఫైలూ కొత్త ఫైలూ ఇస్తే ఏవి పోయాయో, ఏవి వచ్చాయో, ఏవి మారాయో వరసగా చూపిస్తుంది. పోయిన వాటినీ వచ్చిన వాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా చిక్కులు అక్కడికక్కడే విడిపోతాయి. ఒక పేరు పోయింది, దాని పోలికలతోనే ఇంకో పేరు వచ్చింది. ఇంక అడగాల్సిందేముంది?

పోలిక దొరకలేదా? కాన్ఫిగ్ ప్రశ్నలను మెనూలుగా చూపించే మెనూకాన్ఫిగ్ తెరిచి స్లాష్ గుర్తు నొక్కండి. పేరు మొత్తం కొట్టకుండా అందులో ఒక ముక్క కొట్టండి. దొరికిన ప్రతిదానికీ అది ఏ మెనూ కింద ఉందో, దేనిమీద ఆధారపడిందో చూపిస్తుంది. చాలాసార్లు వస్తువు అక్కడే, పాత పేరుతోనే ఉంటుంది. దానికంటే పై గది తలుపు మూసి ఉండటం వల్ల కనబడదు. 3.2 వెర్షన్లో ఈథర్‌నెట్ డ్రైవర్లన్నింటినీ తయారీదారుల వారీగా సర్ది, ఇంటెల్ వాళ్లవి ఒక చోట, బ్రాడ్‌కామ్ వాళ్లవి ఒక చోట పెట్టారు. డ్రైవరు పేరు మారలేదు. కానీ 'ఇంటెల్ పరికరాలు కావాలా?' అన్న కొత్త ప్రశ్నకు ఎవరైనా తొందరలో వద్దంటే, దాని కింద ఉన్నవన్నీ కంటికి కనబడకుండా పోయాయి.

ఇది మన జిల్లావాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పలాస కొత్త రెవెన్యూ డివిజన్ అయింది. కవిటి కదల్లేదు, సోంపేట కదల్లేదు. వాళ్ల పై ఆఫీసు టెక్కలి నుంచి పలాసకు మారింది. అర్జీ పట్టుకుని పాత అలవాటు కొద్దీ టెక్కలి వెళ్లినవాడికి పని కాదు. ఊరు పేరు సరిగ్గానే ఉంది మరి!

అదీ కాకపోతే చివరి ఉపాయం. ఇది తప్పదు. పేర్లు మారతాయి గానీ పనిచేసే ఫైలు అంత తొందరగా మారదు. డ్రైవరు సోర్సు ఫైలు ఎక్కడుందో పట్టుకుని, ఆ డైరెక్టరీలోని మేక్‌ఫైల్ తెరిస్తే, ఆ ఫైలును ఏ కాన్ఫిగ్ పేరు ఆడిస్తోందో ఒక వరసలో రాసి ఉంటుంది. పాత పేరు నుంచి కొత్త పేరుకు దారి దొరక్కపోతే, పని నుంచి కొత్త పేరుకు రండి. కోడ్‌లో జరిగిన ప్రతి మార్పూ నమోదయ్యే గిట్ చరిత్రలో పాత పేరు ఎప్పుడు మాయమైందని వెతికితే మార్చినవాళ్ల పేరు, తేదీతో పాటు ఎందుకు మార్చారో వాళ్ల మాటల్లోనే దొరుకుతుంది. ఆ 'ఎందుకు' చదవండి. కొత్త పేరు తెలుసుకోవడం కంటే అది ఎక్కువ ఉపయోగం.

2017లో 4.11 వెర్షన్ నాటి సంగతి ఒకటి చెబుతాను. కెర్నెల్ తన సొంత కోడ్ మీద ఎవరూ రాయకుండా కాపాడుకునే ఏర్పాటు ఒకటి చాలాకాలంగా ఉండేది. దాని పేరు 'డీబగ్ ఆర్‌ఓ డేటా'. డీబగ్ అని ఉండేసరికి, ఇదేదో తప్పులు వెతికేవాళ్ల సరంజామా, నడిచే సర్వర్‌కు ఎందుకులే అనుకోవడం సహజం. నిజానికి అది భద్రతకు ప్రాణం. పేరే పనిని దాచేస్తోందని గుర్తించి 'స్ట్రిక్ట్ కెర్నెల్ ఆర్‌డబ్ల్యూఎక్స్' అని మార్చారు. ఆ మార్పులో వాళ్లు ఇచ్చిన కారణం చదివితే మీ బయోడేటా గుర్తుకు రావాలి.

ఎందుకంటే మీ బయోడేటాలోనూ డీబగ్ అని రాసుకున్న పనులున్నాయి. మండలాఫీసులో 'డేటా ఎంట్రీ ఆపరేటర్' అన్న పేరుతో ఆఫీసు నెట్‌వర్క్ అంతా తానే నడుపుతున్న కుర్రాళ్లు ఉంటారు. తుపాను వచ్చినప్పుడు కరెంటు లేని మూడు ఊళ్ల సమాచారం జిల్లా కేంద్రానికి చేరవేసేది వాళ్లే. అడిగితే 'ఏముందండీ, టైపింగ్ పని' అంటారు. అవతలివాడు ఆ మాటే నమ్ముతాడు. మీరు చేసే పనికి సరిపోయే పేరు మీరే పెట్టుకోకపోతే, మీ పనిని ఆపేయొచ్చనే అనుకుంటారు. గొప్పలు చెప్పుకోమని కాదు. ఏం చేస్తారో అది రాయండి.

ఉద్యోగ ప్రకటనలు చదివేటప్పుడూ అంతే. ఇరవై ఏళ్ల కిందట సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ కావాలి అని వచ్చేవి. ఇప్పుడు ఆ మాట తగ్గింది. 'మా పని పోయింది' అని కుంగిపోయినవాళ్లు ఉన్నారు. గూగుల్లో 2003లో మొదలైన సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్, 2009 నుంచి వాడుకలోకి వచ్చిన డెవాప్స్, ఈ పేర్ల కింద ప్రకటన వివరాలు చదివితే సగానికి సగం వాళ్లు రోజూ చేసిన పనే. మిగతా సగం నేర్చుకోవాలి, నిజమే. కానీ సగం తెలిసినవాడు సున్నా నుంచి మొదలుపెట్టినట్టు బాధపడటం ఏం న్యాయం?

పాత నంబరు, కొత్త అర్థం

అన్నింటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది పాత పేరు అలాగే ఉండి అర్థం మారిపోయిన చోట. దీనికి కెర్నెల్ కన్నా కోర్టు మంచి ఉదాహరణ.

1860 నాటి భారత శిక్షాస్మృతి పోయి 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు 358 అయ్యాయి. తరతరాలుగా తిట్టుగా వాడుకున్న 420 ఇప్పుడు 318లో నాలుగో ఉపసెక్షన్. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103. ఇంతవరకు పేరు మార్పే. కానీ కొత్త సంహితలోనూ 302 ఉంది. అది మతపరమైన మనోభావాలను గాయపరిచే మాటల గురించి! టెక్కలి కోర్టులో గుమస్తా పాత అలవాటుతో 302 అని రాస్తే, కాగితం మీద తప్పేమీ కనబడదు. చదివినవాడికి మాత్రం వేరే నేరం కనబడుతుంది. ఇక పాత 497 కోసం వెతికితే ఎక్కడా దొరకదు. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసిన ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018లోనే కొట్టేసింది, కొత్తదాంట్లో దానికి చోటే లేదు.

ఈ మార్పు చేసినవాళ్లు ఒక మంచి పని చేశారు. పాత సెక్షన్ కొడితే కొత్తది చూపించే సంకలన్ అనే యాప్‌ను జాతీయ నేర రికార్డుల బ్యూరో ముందే తెచ్చింది. కెర్నెల్‌లో ఇలాంటి సదుపాయం చాలాకాలం లేదు. వినియోగదారుల ప్రోగ్రాములు చెడగొట్టకూడదన్నది టోర్వాల్డ్స్ పట్టుదల. ఆ విషయంలో ఆయన ఎవరినీ క్షమించడు. కానీ ఆ హామీ కాన్ఫిగ్ పేర్లకు వర్తించదు. ఎవరి హామీ ఎంతవరకో తెలియక బోల్తాపడేవాళ్లు సర్వర్ల దగ్గరే కాదు, చిట్‌ఫండ్ ఆఫీసుల దగ్గరా కనిపిస్తారు. చివరికి 2025లో కెర్నెల్ డెవలపర్ కీస్ కుక్ పూనుకుని, పాత పేరు జవాబును కొత్త పేరుకు అందించే 'ట్రాన్సిషనల్' అనే ఏర్పాటు తెచ్చాడు. పాత పేరు మెనూలో కనబడదు, కొత్త ఫైల్లోకీ ఎక్కదు, పాత ఫైలు వచ్చినప్పుడు మాత్రం దాన్ని గుర్తుపట్టి జవాబు అప్పగిస్తుంది.

మీరు పేర్లు మార్చే స్థానంలో ఉంటే, అంటే హెడ్మాస్టరో, సొసైటీ కార్యదర్శో, దుకాణం యజమానో అయితే, ఈ మర్యాద పాటించండి. రిజిస్టరు పేరు మార్చారా? పాత రిజిస్టరు అట్ట మీద కొత్తది ఎక్కడుందో రాయండి. పావు నిమిషం పని.

ప్రశ్న గుర్తు నొక్కడానికి సిగ్గెందుకు

ఓల్డ్‌కాన్ఫిగ్ ప్రశ్న అడిగినప్పుడు పక్కన జవాబులు చూపిస్తుంది: వై, ఎన్, ఎం, వాటి చివర ఒక ప్రశ్న గుర్తు. ప్రశ్న గుర్తు నొక్కితే అదేమిటో, ఎవరికి అవసరమో, తెలియకపోతే ఏం చెప్పాలో వివరిస్తుంది. నూటికి తొంభై మంది దాన్ని నొక్కరు. ఎంటర్ మీద వేలు పెట్టి కొట్టుకుంటూ పోతారు. ఎవరూ చూడని గదిలో, మెషీన్ ముందు కూడా 'తెలియదు' అని ఒప్పుకోవడం మనకు కష్టం.

బ్యాంకులో అప్పు కాగితాల మీద మేనేజర్ వేలు పెట్టిన చోటల్లా సంతకం చేయడం కూడా ఎంటర్ కొట్టడమే. కొత్త ఉద్యోగంలో మొదటి నెల 'తెలుసు సార్' అంటూ తల ఊపడమూ అదే. అడిగేవాణ్ని చూసి నవ్వుతారని భయం. నిజానికి మొదటి నెలలో అడిగినదాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు, ఏడాది తర్వాత అడిగినది మాత్రం అందరికీ గుర్తుంటుంది. కాబట్టి అడిగేదేదో తొందరగా అడిగేయండి.

ఎన్నని అడుగుతాం, వందల ప్రశ్నలొస్తే? న్యాయమైన సందేహం. అన్నింటికీ ఆగక్కర్లేదు. మీ సొమ్ముకు, భద్రతకు, డిస్కుకు సంబంధించిన ప్రశ్న వచ్చినప్పుడు ఆగండి. ఎప్పుడూ వినని జాయ్‌స్టిక్ గురించి అడిగితే ఎంటర్ కొట్టి పొండి.

నిజంగా పోయినవి

ఇక్కడ వ్యక్తిత్వ వికాసం పుస్తకాలతో నాకు పేచీ ఉంది. ప్రతి నష్టానికీ 'అవకాశం' అని కొత్త పేరు పెట్టేస్తే సరిపోతుందని అవి చెబుతాయి. అన్నీ పేరు మార్పులు కావు. కొన్ని పోతాయి.

పాత ఐడీఈ డిస్కుల కోసం కెర్నెల్లో ఒక పెద్ద విభాగం ఉండేది. దాని పనిని లిబ్ఏటీఏ అనే కొత్త విభాగం ఎప్పుడో అందుకుంది. అయినా ఏళ్ల తరబడి పాతదాన్ని ఉంచి, 2021లో 5.14 వెర్షన్లో కెర్నెల్ డెవలపర్ క్రిస్టాఫ్ హెల్‌విగ్ పూర్తిగా తీసేశాడు. ఇక ఐడీఈ అని ఎంత వెతికినా ఆ పాత మెనూ రాదు. డిస్కు పేరు కూడా హెచ్‌డీఏ పోయి ఎస్‌డీఏ అయింది. పాత పేరు రాసుకున్న సెట్టింగులున్న మెషీన్ లేవదు. వెతుకులాట ఆపి కొత్త విభాగానికి మారాల్సిందే. వెతకడం ఎప్పుడు ఆపాలో తెలియడం కూడా వెతకడం తెలియడంలో భాగమే. చరిత్రలో 'తీసేశాం' అని రాసి ఉన్నదాన్ని చూశాక ఇంకో రెండు గంటలు వెతికితే అది పట్టుదల అనిపించుకోదు.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మన తీరాన్ని దాటింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతాల్లో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. తాత నాటిన కొబ్బరి తోట ఒక్క రాత్రిలో పోయిన మనిషి దగ్గరకు వెళ్లి 'ఇది కొత్త ఆరంభం అనుకో బావా' అనడం ఓదార్పు కాదు, క్రూరత్వం. ఈరోజు నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు ఎలా గడవాలో లెక్క వేసి, మధ్యలో ఏ పంట వేయాలో, ఏ అప్పు వాయిదా అడగాలో కూర్చుని మాట్లాడితే అది సాయం. పోయిందని ఒప్పుకున్నాకే ఆ లెక్క మొదలవుతుంది. పేరు మారిన వస్తువును పోయిందనుకుని ఏడ్చేవాడు ఎంత నష్టపోతాడో, పోయిన వస్తువును పేరు మారిందనుకుని వెతికేవాడూ అంతే నష్టపోతాడు.

చివరగా రెండు పనులు, ఈ వారంలోనే చేయండి. సర్వర్లు చూసుకునేవాళ్లయితే, తర్వాతి అప్‌గ్రేడ్‌కు ముందు ఇప్పుడు నడుస్తున్న కాన్ఫిగ్ కాపీ తీసి మెషీన్ బయట దాచండి. కొత్త కెర్నెళ్లలో తెలియని పేర్లు కనబడితే హెచ్చరించమని చెప్పే అమరిక ఉంది, అది ఆన్ చేసి ఓల్డ్‌కాన్ఫిగ్ నడపండి. సర్వర్లతో సంబంధం లేనివాళ్లయితే, బీరువాలో పొలం కాగితాలు తీయండి. భూముల రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. నాన్నగారికి పాత నంబరే నోటికి వస్తుంది, పిల్లలకు ఏదీ తెలియదు. మీ ఊళ్లో రీసర్వే అయిందో లేదో సచివాలయంలో అడగండి. అయి ఉంటే పాత నంబరూ కొత్త నంబరూ పక్కపక్కన ఒక కాగితం మీద రాసి, కింద తేదీ వేసి, పాసుపుస్తకంలో పెట్టండి. ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.